విందులో వంట మిగిలిందా? ముందు గడియారం చూడండి

మిగిలింది ఎవరికివ్వాలా అని ఆలోచించేలోపే దాన్ని చల్లబరిచే పని మొదలుపెట్టండి. వండిన పదార్థం బయట 2 గంటలకు మించి ఉండకూడదు. వేడి 32 డిగ్రీలు దాటిన రోజైతే గంటే.

పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లోకి తోసేయకండి. అంచులు చల్లబడినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, సూక్ష్మజీవులు పెరగడానికి ఆ వేడి చాలు. వెడల్పాటి, లోతు తక్కువ డబ్బాల్లో రెండంగుళాల మందానికి మించకుండా సర్దండి. అన్నం దగ్గర మరీ జాగ్రత్త: బయట ఉండిపోయిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వాసన బాగానే ఉందని నమ్మొద్దు.

పంచాలనుకుంటే వడ్డనకు ముందే, ఎంగిలి తగలకుండా వేరే తీసిపెట్టండి. ఇదొక్కటి చాలామంది మరిచిపోతారు. డబ్బా మీద ఎప్పుడు వండిందో, పాలు, పల్లీల్లాంటివి వేశారేమో రాసివ్వండి. అవి పడనివాళ్లు ఉంటారు.

ఫ్రిజ్‌లోది 3, 4 రోజుల్లో అయిపోవాలి. అవదనిపిస్తే మొదటి రోజే పూటకు సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. తినేంతే బయటికి తీసి, పొగలు కక్కేదాకా వేడిచేయండి.