గుండెలో గడ్డ కనపడిందా? స్కాన్లు ఏ వరసలో చూడాలంటే

ముందు మామూలు ఎకో, అదే ఛాతీ మీద జెల్ రాసి చేసేది, గడ్డలు చాలావరకు బయటపడేది అక్కడే. పెద్దవాళ్ళలో గుండెలోనే పుట్టే గడ్డల్లో ఎక్కువగా కనిపించేది మిక్సోమా, అది సుమారు 75 శాతం కేసుల్లో ఎడమ పై గదిలో, రెండు పై గదుల మధ్య గోడకి చిన్న కాడతో వేలాడుతూ ఉంటుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా అటూఇటూ ఊగుతుంది కూడా. కాడ సరిగ్గా కనపడకపోతే గొంతులోంచి ట్యూబ్ దింపి చేసే ఎకో, అదే టీఈఈ, అడగండి, కాస్త ఇబ్బందే గానీ బొమ్మ చాలా క్లియర్‌గా వస్తుంది.

అసలు తికమక ఎక్కడంటే అది నిజంగా ట్యూమరా లేక గడ్డకట్టిన రక్తమా అని, ఎకోలో రెండూ ఒకేలా ఉండొచ్చు. ఇక్కడే కార్డియాక్ ఎంఆర్ఐ పనికొస్తుంది, ఎందుకంటే కాంట్రాస్ట్, అంటే బొమ్మలో తేడా తెలియడానికి నరంలోకి ఇచ్చే మందు, ఎక్కించాక రక్తపు గడ్డ మామూలుగా నల్లగానే ఉండిపోతుంది, ట్యూమర్‌కి రక్తనాళాలుంటాయి కాబట్టి ఎంతో కొంత వెలుగుతుంది. కిడ్నీ సమస్య ఉంటే కాంట్రాస్ట్‌కి ముందే చెప్పేయండి. కాల్షియం చూడాలంటే సీటీ, క్యాన్సర్ అనుమానముంటే పెట్ స్కాన్. గుండెలోనే పుట్టే క్యాన్సర్ కన్నా వేరే చోటి క్యాన్సర్ గుండెకి పాకడమే ఎక్కువ, అందుకే పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్ళండి.

చిన్నపిల్లలైతే లెక్క వేరు, వాళ్ళలో ఎక్కువగా వచ్చేది రాబ్డోమయోమా అనే గడ్డ, చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది, ఎకోతో గమనిస్తూ ఉంటారు.