లూప్ అతుకు వినిపించకుండా ఉండాలంటే

ఎంపీసీ (బీట్లు, పాటలు కట్టే పరికరం) లాంటి, కంప్యూటర్ అక్కర్లేని మెషీన్‌తో లైవ్‌లో లూప్‌లు, అంటే రికార్డ్ చేయగానే మళ్లీ మళ్లీ మోగే ముక్కలు, కట్టేవాళ్లకు ఒక మాట. రికార్డింగ్ పూర్తికాగానే లూప్ నేరుగా ప్లేలోకి వెళ్లకుండా, ముందు ఓవర్‌డబ్‌లోకి (లూప్ మోగుతుండగానే దాని మీద ఇంకా రికార్డ్ అయ్యే స్థితి) వెళ్లేలా చూసుకోండి.

గిటార్ మీద చివరి కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) మీటితే ఆ మోత బార్ (తాళంలో ఒక ఆవర్తనం) అయిపోగానే ఆగిపోదు కదా. వెంటనే ప్లేలోకి వెళ్తే అది అక్కడే తెగుతుంది. ఇక ప్రతి చుట్టులోనూ అదే చోట ‘టక్’మని వినిపిస్తూనే ఉంటుంది. ఓవర్‌డబ్‌లో ఉంటే మిగిలిన మోత లూప్ మొదటి బీట్ మీదికి వచ్చి కూర్చుంటుంది, అతుకు తెలీదు. కొత్తగా ఏమీ వాయించకండి. తీగల్ని అలాగే మోగనివ్వండి, మోత పూర్తిగా తగ్గాక ఓవర్‌డబ్ ఆపేయండి. లూపర్‌కి (లూప్ రికార్డ్ చేసే భాగం) ముందు రివర్బ్ (ప్రతిధ్వనిలా మోత సాగదీసే ఎఫెక్ట్) పెట్టుకున్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం.

లూప్ నిడివి, టెంపో (వేగం) ముందే పెట్టేసుకోండి. 90 బీపీఎంలో (నిమిషానికి 90 బీట్లు) 4/4 తాళంతో, అంటే బార్‌కి నాలుగు బీట్లతో, నాలుగు బార్లంటే 10.7 సెకన్లకు కాస్త తక్కువ. ఆ మిగిలిన మోత సర్దుకోవడానికి అది హాయిగా సరిపోతుంది. ఒక్క బార్ లూప్ అయితే 2.7 సెకన్లలోపే తిరిగి వచ్చేస్తుంది, టెన్షన్ తప్పదు. అందుకే కార్డ్‌లకు నేను నాలుగు బార్లకు తగ్గను.

మైక్‌తో రికార్డ్ చేస్తుంటే మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. లేదంటే స్పీకర్‌లోంచి వచ్చే పాత లూప్ కూడా మళ్లీ మైక్‌లోకి దూరి, పొర మీద పొర పడి అంతా బురదలా అయిపోతుంది.