పాత డోరు, బంపరు కొనేముందు మన కారుకి సరిపోతాయో లేదో చూసుకోవడం ఎలా?

మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడ కారుకి డోరో బానెట్టో పోయి, కొత్తది ఎంతని అడిగితే ఆ రేటుకి గుండె గుభేలుమంటుంది, అందుకే చాలామంది విశాఖకో విజయనగరానికో వెళ్లి స్క్రాప్ షాపుల్లో పాతది వెతుక్కుంటాం. మంచి పనే. కానీ తప్పు ముక్క తెచ్చామంటే రానూపోనూ ఖర్చులకి, పార్శిల్ కూలికి మిగిలిందంతా దారిలోనే ఊడ్చుకుపోతుంది. నాది 2013 స్విఫ్ట్. చీకట్లో గేదె అడ్డం వచ్చి ముందు బంపరు పగిలింది. షాపాయన "స్విఫ్ట్‌దే కదా బాబూ, కళ్లు మూసుకుని పట్టుకెళ్లు" అన్నాడు, నేను నిజంగానే కళ్లు మూసుకుని తెచ్చాను. ఇంటికొచ్చి పెట్టి చూస్తే గ్రిల్ కూర్చోదే! 2014 అక్టోబరులో మారుతి ఆ కారు ముందుభాగం మార్చింది, నాకు అంటగట్టింది ఆ తర్వాతి బంపరు.

కాబట్టి మొదట ఆర్సీ తీయండి. అందులో రిజిస్ట్రేషన్ తేదీ కాదు, బండి తయారైన నెల, సంవత్సరం చూడాలి. డిసెంబరులో తయారైన బండి జనవరిలో రిజిస్టర్ అవడం మామూలే. 17 అక్షరాల ఛాసిస్ నంబరు కూడా రాసుకోండి. అది పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్ పార్ట్స్ కౌంటర్లో అడిగితే మీ బండికి పట్టే పార్ట్ నంబరు తెలుస్తుంది. కొననక్కర్లేదు, అడిగితే చాలు. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఎందుకంటే మన దేశంలో స్విఫ్ట్ 2005లో వచ్చింది, 2011, 2018, 2024లో పూర్తిగా మారింది. పేరు ఒకటే, బళ్లు నాలుగు.

పగిలిన ముక్కని మాత్రం పారేయొద్దు. వీలైతే వెంట తీసుకెళ్లండి. బానెట్టు లాంటి పెద్దదైతే బోల్టులు పట్టే చోట పాత పేపరు పరిచి బొటనవేలితో గట్టిగా రుద్దండి, అక్కడి మట్టీ గ్రీజూ అంటుకుని బెజ్జాలు పేపరు మీద అచ్చు పడతాయి. షాపులో ఆ పేపరు పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఫోన్లో ఫొటో చూసి కొనాల్సి వస్తే పక్కన కొలిచే టేపు పెట్టి తీయమనండి.

ఏడాది కలిసినా వేరియంట్ దగ్గర, అంటే అదే మోడల్లో హంగులు తక్కువదా ఎక్కువదా అనే దగ్గర దొరికిపోతాం. ఫెండర్‌కి (ముందు చక్రం పైనుండే రేకుకి) ఇండికేటర్ బెజ్జం ఉందా, లేక మీ బండికి ఇండికేటర్ అద్దంలో ఉందా? ముందు బంపర్లో ఫాగ్ ల్యాంపు గుంతలు ఉన్నాయా? వెనక పార్కింగ్ సెన్సర్లు 2019 జులై నుంచి తప్పనిసరి అయ్యాయి, అంతకు ముందు బంపర్లలో చాలావాటికి ఆ బెజ్జాలుండవు. డోరైతే రేకు సరిపోతే సరిపోదు. పవర్ విండో, సెంట్రల్ లాక్ వైర్ల కనెక్టర్ ఫొటో తీసుకెళ్లి పిన్నులు లెక్కపెట్టండి. "డిజైర్‌ది స్విఫ్ట్‌కి పడిపోతుంది" అనే మాట నమ్మొద్దు, 2018 స్విఫ్ట్ వెనక డోరు హ్యాండిల్ పైన కిటికీ మూలలో ఉంటుంది, డిజైర్‌కి మామూలు చోటే. మారుతి బాలెనో, టొయోటా గ్లాంజా అలా కాదు, పేర్లు రెండైనా బండి ఒకటే. అయినా బంపరు, గ్రిల్ విడిగా చూసుకోవాల్సిందే.

అన్నట్టు ఎడమా కుడీ గొడవ కూడా ఉంది. బండికి ఎదురుగా నిలబడి చెబితే తారుమారవుతుంది, డ్రైవర్ సైడా క్లీనర్ సైడా అని చెప్పండి.

సరిపోయే ముక్క దొరికాక, పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం రేకు మీద నడిపించండి. ఎక్కడ పట్టు వదిలితే అక్కడ సొట్టలు పూడ్చే పుట్టీ మందంగా ఉందన్నమాట. డోరు కింది మడత, నీళ్లు పోయే బెజ్జాలు వేలితో తడిమి చూడండి, సముద్రం పక్క ఊళ్ల బళ్లకి తుప్పు అక్కడే మొదలవుతుంది. 2018 తిత్లీ తుపానుకి మా పక్క గజపతి జిల్లా ఎలా మునిగిందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అలా వరదనీళ్లలో నానిన బండి డోరైతే లోపలి ప్యాడ్ వెనక ఎండిన బురద కనిపిస్తుంది.

ఛాసిస్ నంబరు అచ్చు వేసి ఉన్న ముక్క ఎంత చవకైనా ముట్టుకోవద్దు, అది ఇంకో బండి గుర్తింపు నంబరు. బిల్లు తీసుకోండి, పట్టకపోతే మార్చిస్తానని దాని మీద రాయించుకోండి.

ఇంటికి తెచ్చాక పెయింటర్ దగ్గరికి పరిగెత్తకండి. ముందు రంగు వేయకుండానే బోల్టులు వదులుగా బిగించి, డోరు పదిసార్లు తీసి వేసి, చుట్టూ సందు ఒకేలా ఉందో లేదో చూడండి. రంగు పడ్డాక ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు. నా బంపరు మెకానిక్ షెడ్డు వెనక ఇంకా అలాగే పడుంది, ఇటువైపు ఎవరికైనా 2015, 16 స్విఫ్ట్ ఉంటే వచ్చి పట్టుకెళ్లండి, పేపరు మాత్రం తెచ్చుకోండి.