సిరామిక్ కోటింగ్ వేయిస్తే కారు మీద గీతలు పడవా? వేయించే ముందు, వేయించాక చూసుకోవాల్సినవి

సిరామిక్ కోటింగ్ వేయించిన రోజు నాకు చెప్పిన మాట ఒకటే, "ఇక గీతల గురించి టెన్షన్ వద్దు" అని. నమ్మాను. రెండు నెలలు పోయాక ఒక రాత్రి పెట్రోల్ పోయించుకుంటుంటే పైనున్న లైటు వెలుగులో బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపించాయి. బానెట్ ఒక్కటే కాదు, తలుపులు, డిక్కీ, ఎక్కడ చూస్తే అక్కడ. కోటింగ్ నకిలీదేమో అనుకున్నాను గానీ నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతూనే ఉన్నాయి, అంటే అది చేయాల్సిన పని అది చేస్తూనే ఉంది. రోజూ పొద్దున్నే పొడిగుడ్డ పట్టుకుని దుమ్ము తుడిచింది నేను. కోటింగ్ ఉంది కదా, ఏం కాదులే అన్న ధీమాతో ఇంకాస్త గట్టిగానే తుడిచాను.

ముందు సూటిగా సమాధానం చెప్పేస్తాను. సిరామిక్ కోటింగ్ అంటే కారు పెయింట్ మీద పూసే ద్రవం, ఆరి గట్టిపడి పలుచని పారదర్శక పొరలా మిగులుతుంది. సిరామిక్ కోటింగ్ చాలా సన్నని గీతలను కొంతవరకు తగ్గిస్తుంది. తాళంచెవితో గీస్తే, రాయి వచ్చి తగిలితే, పక్క కారు తలుపు కొట్టుకుంటే ఆపలేదు. అలాంటి దెబ్బను తట్టుకునేది పీపీఎఫ్ అనే మందపాటి పారదర్శక ఫిల్మ్ ఒక్కటే, దానికీ ఒక హద్దుంది. ఈ తేడా ఎందుకో తెలిస్తే ఏది ఎక్కడ వేయించాలో మీకే తెలిసిపోతుంది.

అసలు సంగతి మందంలో ఉంది

కారు రేకు మీద పెయింట్ ఒకే పొర కాదు. తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్. అన్నీ కలిపినా ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 180 మైక్రోన్లు (మైక్రోన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, అందులో క్లియర్ కోట్ 35 నుంచి 50 దాకా. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రోన్లు అనుకుంటే, మీ కారు మెరుపంతా వెంట్రుక కంటే పలుచని పొరలో ఉందన్నమాట. రోజువారీ గీతలన్నీ పడేది కూడా ఆ పొరలోనే.

సిరామిక్ కోటింగ్ ఆరి గట్టిపడ్డాక మిగిలేది ఒకటి రెండు మైక్రోన్లు, ఒక్కోసారి అంతకూ తక్కువే. "మూడు పొరలు వేస్తాం, ఐదు పొరలు వేస్తాం" అంటారు, ఐదు వేసినా వెంట్రుకలో పదో వంతు దగ్గరే ఉంటుంది. పీపీఎఫ్ మందం 150 నుంచి 200 మైక్రోన్లు, అంటే కొన్ని కార్లలో పెయింట్ మొత్తం కంటే ఎక్కువ. పైగా అది గట్టిగా ఉండదు, రబ్బరులా సాగే పాలీయురేథేన్, అందుకే రాయి తగిలినప్పుడు కాస్త నొక్కుకుని దెబ్బను తనలోకి తీసుకుంటుంది.

మరి కోటింగ్ అమ్మేవాళ్లు "9హెచ్ గట్టిదనం" అంటారే? అందరినీ తికమక పెట్టేది ఇదే. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో వజ్రం 10, కెంపు 9. ఆ తొమ్మిదే ఈ తొమ్మిది అనుకుని కోటింగ్ వజ్రానికి ఒక మెట్టు కింద ఉందనుకుంటారు చాలామంది. ఈ 9హెచ్ పెన్సిల్ గట్టిదనం. ఏఎస్‌టీఎమ్ డి3363, ఐఎస్ఓ 15184 ప్రమాణాల్లో ఉన్న పద్ధతి ఇది, పెన్సిల్‌ని 45 డిగ్రీల కోణంలో ఆనించి పూత మీద తోస్తారు, ఎంత గట్టి పెన్సిల్ దాకా గీత పడకుండా ఉంటుందో చూస్తారు. ఈ పరీక్షకు వాడే పెన్సిళ్లలో అన్నిటికంటే గట్టిది 9హెచ్. అంటే 9హెచ్ అన్న ముద్ర చెప్పేది ఒక్కటే, పెన్సిల్ గీతకు తట్టుకుంది అని. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువు క్వార్ట్జ్, మోస్ స్కేలులో 7, అది మామూలు గాజునే గీస్తుంది.

ఇంకొకటి కూడా ఉంది. గట్టి పొర పలుచగా ఉండి, దాని కింద పెయింట్ మెత్తగా ఉంటే, పరుపు మీద పలుచని గాజు పలక పెట్టి వేలితో నొక్కినట్టు అవుతుంది. గాజు గట్టిదే, కానీ కింద పరుపు లొంగితే అది విరుగుతుంది.

అయితే కోటింగ్ వేయించడం దండగా?

కాదు. గీతల విషయంలో అది చేసే మేలు చుట్టుతిరుగుడు దారిలో వస్తుంది. నీళ్లు నిలవనివ్వదు, మురికి గట్టిగా పట్టుకోనివ్వదు. మురికి తేలిగ్గా వదిలితే తక్కువ రుద్దుతాం, తక్కువ రుద్దితే గీతలు తగ్గుతాయి. దీనితోపాటు ఎండకు పెయింట్ వెలిసిపోవడాన్నీ, రసాయనాల మరకలనూ కొంత ఆపుతుంది. పక్షి రెట్ట పడితే మాత్రం కోటింగ్ ఉందని వదిలేయొద్దు, వీలైనంత త్వరగా తడిపి మెత్తబడ్డాక తీసేయండి.

పెయింట్ మీద రుద్దే మెరుపు పూతలు వ్యాక్స్, సీలెంట్ సంగతి తొందరగా చెప్పేస్తాను. వ్యాక్స్ కొన్ని వారాలు, సీలెంట్ కొన్ని నెలలు మెరుపునిస్తాయి, గీతలను ఆపే బలం రెండింటికీ లేదు. "టెఫ్లాన్ కోటింగ్" అని చెబితే మాత్రం కాస్త ఆలోచించండి. పెనానికి టెఫ్లాన్ పట్టించడానికి 350 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చాలి, కారు పెయింట్‌ని ఫ్యాక్టరీలో కాల్చేది దాదాపు 140 దగ్గర. పెనానికి పట్టినట్టు కారుకి పట్టడం కుదరని పని. గ్రాఫీన్ కోటింగ్ పేరుతో దొరికేవి ఎక్కువగా సిరామిక్ కోటింగులే, అందులో కాస్త గ్రాఫీన్ ఆక్సైడ్ కలుపుతారు, గీతల లెక్కలో పెద్ద తేడా ఆశించొద్దు.

ముందు మీ కారు మీద ఎలాంటి గీతలున్నాయో చూడండి

కారు కడిగి ఆరబెట్టి, చీకట్లో ఫోను టార్చి పెయింట్ మీద కాస్త దూరం నుంచి వేసి చూడండి. వెలుగు చుట్టూ వలయాల్లా కనిపించేవి స్విర్ల్ మార్కులు. టార్చి జరిపితే వలయం కూడా దాంతోపాటే జరుగుతుంది, ఎందుకంటే గీతలు నిజంగా గుండ్రంగా లేవు, అన్ని దిక్కులా పడి ఉన్నాయి, వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి. ఇవి కడగడం వల్ల, తుడవడం వల్ల వచ్చినవి. తర్వాత గోటిని గీత మీద అడ్డంగా నెమ్మదిగా లాగండి. గోరు తగలకపోతే గీత పైపైనే ఉంది. గోరు ఆగితే లోతుగా వెళ్లింది, పాలిష్‌తో పూర్తిగా పోదు.

స్విర్ల్ మార్కులే ఎక్కువగా ఉంటే మీ డబ్బు ముందు మంచి మైక్రోఫైబర్ గుడ్డల మీద, రెండు బకెట్ల మీద పెట్టండి, కోటింగ్ తర్వాత చూసుకోవచ్చు. ముందు బంపర్, బానెట్ అంచు మీద చిన్న చిన్న రాళ్ల దెబ్బలుంటే, హైవే మీద ఎక్కువ తిరిగే కారైతే, అక్కడ పీపీఎఫ్ కావాలి. కారంతా వేయించే స్తోమత లేకపోతే బంపర్, బానెట్, సైడు అద్దాల వెనుక భాగం, తలుపు హ్యాండిల్ లోపల గోళ్లు తగిలే గుంట, తలుపు అంచు, డిక్కీలోకి సామాను ఎత్తేటప్పుడు ఒరుసుకునే వెనక బంపర్ పైభాగం, ఇవి చాలు. మిగతా ఒంటికి సిరామిక్. నన్నడిగితే ఎక్కువమందికి సరిపోయేది ఈ కలయికే. ఫిల్మ్ మీద కూడా సిరామిక్ వేయించుకోవచ్చు, కడగడం సులువవుతుంది.

మంచి పీపీఎఫ్ మీద సన్నని గీతలు ఎండ వేడికో వేడినీళ్లకో వాటంతటవే పూడుకుపోతాయి. ఇది నిజమే, కానీ ఫిల్మ్ పైపొర మీద పడ్డ గీతలకే. ఫిల్మ్ తెగితే తెగినట్టే, అప్పుడు ఆ ముక్క మార్చాలి. ఇంకో జాగ్రత్త, ఈ మధ్యే మళ్లీ పెయింట్ వేయించిన భాగం మీద వెంటనే ఫిల్మ్ అంటించొద్దు, పెయింట్ పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. పెయింట్ పట్టు సరిగా లేకపోతే ఫిల్మ్ తీసేటప్పుడు దాంతోపాటే ఊడి వస్తుంది.

వేయించే ముందు అడగాల్సినవి

"కోటింగ్ ముందు ఏం చేస్తారు?" అని అడగండి. కోటింగ్ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కింద ఏ గీతలుంటే అవి అలాగే లోపల ఉండిపోతాయి. బాగా కడగడం, పెయింట్‌కి అంటుకున్న ఇనుప రజను తీయడం, క్లే బార్ (మొండి మురికిని లాగేసే మెత్తటి ముద్ద) పట్టించడం, అవసరమైతే పాలిష్, చివర ఆల్కహాల్ కలిసిన ద్రవంతో నూనె తుడవడం, ఇవన్నీ చేస్తామంటే పని తెలిసినవాళ్లు. ఒక గంటలో అయిపోతుందంటే వద్దనండి.

పాలిష్ విషయంలో పట్టుదలగా ఉండండి. పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అరగదీయడం. క్లియర్ కోట్‌లోనే ఎండ నుంచి కాపాడే పదార్థాలుంటాయి, అది మరీ పలుచబడితే కొన్నేళ్లకు పొట్టు లేచిపోతుంది. కొత్త కారుకి చాలాసార్లు తేలికపాటి పాలిష్ చాలు. పని మొదలుపెట్టే ముందు మందం కొలిచే మీటరుతో చూపించమనండి. రేకు మీదే పెట్టాలి, ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు మీటరు పనిచేయదు.

వారంటీ కాగితం మొత్తం చదవండి. చాలావాటిలో మెరుపు, నీళ్లు జారడం వరకే రాసి ఉంటుంది, గీతలు, రాళ్ల దెబ్బలు ఉండవు. నోటితో చెప్పింది కాగితం మీద ఉందా లేదా అన్నదే చూడండి.

కారు తెచ్చుకున్నాక మొదటి ఒకటి రెండు రోజులు తడవనివ్వొద్దు, వారం దాకా షాంపూ పెట్టొద్దు. కోటింగ్ గట్టిపడడానికి ఆ సమయం కావాలి.

అన్నిటికంటే ముఖ్యం, కడిగే పద్ధతి

కోటింగ్ ఉన్నా లేకున్నా గీతలు ఎక్కువగా తగ్గేది ఇక్కడే. పొడి దుమ్మును గుడ్డతో గానీ, ఈకల బ్రష్‌తో గానీ, చేత్తో గానీ తుడవొద్దు. దుమ్ము తుడవడమంటే ఇసుక రేణువుల్ని పెయింట్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చడమే. నీళ్లు లేనప్పుడు దుమ్ముతోనే వదిలేయండి, దుమ్ము పట్టిన కారు మళ్లీ శుభ్రమవుతుంది, అరిగిన క్లియర్ కోట్ మాత్రం తిరిగి రాదు.

నీడలో, బానెట్ చల్లబడ్డాక మొదలుపెట్టండి. ముందు గుడ్డ తగలకుండా పైపుతో నీళ్లు ధారగా కొట్టి వదిలే మురికంతా వదిలించండి. ఫోమ్ ఉంటే చల్లి కొన్ని నిమిషాలు నానబెట్టండి, ఆరిపోక ముందే కడిగేయండి. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో మంచినీళ్లు. గుడ్డను షాంపూలో ముంచి ఒక భాగం తుడిచి, మంచినీళ్ల బకెట్లో జాడించి, మళ్లీ షాంపూలో ముంచాలి. పని అయ్యాక ఆ మంచినీళ్ల బకెట్ అడుగు చూడండి, అక్కడ పేరుకున్న మట్టి అంతా ఒకే బకెట్ వాడి ఉంటే మళ్లీ పెయింట్ మీదికే వెళ్లేది. బకెట్ అడుగున జల్లెడలాంటి గ్రిట్ గార్డ్ పెడితే ఇంకా మంచిది.

పైనుంచి కిందికి రండి, చక్రాల దగ్గర, తలుపుల కింది భాగం చివరికి ఉంచండి, మట్టి ఎక్కువ ఉండేది అక్కడే. చక్రాలకు వేరే గుడ్డ, వేరే బకెట్. చెయ్యి బరువు పెట్టొద్దు, గుడ్డ తన బరువుతోనే జారాలి. గుడ్డ నేల మీద పడితే పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి. కడిగేది మీరు కాకపోతే మీ గుడ్డలు మీరే ఇవ్వండి, వరుసగా పది కార్లు తుడిచిన గుడ్డ మీ కారు మీదికి రానివ్వకండి. బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్‌లకు దూరంగా ఉండండి.

ఆరబెట్టేటప్పుడు రుద్దకుండా, పెద్ద మెత్తటి మైక్రోఫైబర్ టవల్ పరిచి అద్దినట్టు తీయండి. దానంతట అదే ఆరిపోతుందిలే అని వదిలేస్తే ఉప్పునీళ్ల చుక్కలు తెల్లటి మచ్చలుగా మిగులుతాయి, కోటింగ్ ఉన్న కారు మీద చుక్కలు గుండ్రంగా నిలబడతాయి కాబట్టి ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఆ మచ్చల్ని రుద్దబోయి గీతలు తెచ్చుకున్నవాళ్లు చాలామంది.

మైక్రోఫైబర్ గుడ్డల్ని మిగతా బట్టలతో కలిపి ఉతకొద్దు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు. కారు కవర్ కప్పే అలవాటుంటే కారు శుభ్రంగా ఉన్నప్పుడే కప్పండి, దుమ్ము మీద కప్పితే గాలికి కవర్ కదిలినప్పుడల్లా గరుకు కాగితంలా ఒరుసుకుంటుంది.

అయినా గీత పడితే

ముందు తడిగుడ్డతో తుడిచి చూడండి, గీత అనుకున్నది ఒక్కోసారి ఎదుటి బండి రంగో, రబ్బరు మరకో అయి ఉంటుంది. పైపై గీతైతే, మీకు అది నిజంగా ఇబ్బందిగా ఉంటేనే పాలిష్ చేయించండి. అక్కడ కోటింగ్ కూడా పోతుంది కాబట్టి ఆ భాగానికి మళ్లీ కోటింగ్ వేయించాలి. టూత్‌పేస్ట్ రాయొద్దు, అదీ అరగదీసే పదార్థమే, ఉన్న గీత పక్కన మసక మచ్చ తెచ్చిపెడుతుంది. గోరు ఆగేంత లోతుంటే, లోపల తెల్లగా ప్రైమర్ గానీ రేకు గానీ కనిపిస్తుంటే టచప్ పెయింట్ వేయించండి, రేకు బయటపడితే ఆలస్యం చేయకండి, తుప్పు అక్కడి నుంచే పాకుతుంది.

నా కారు బానెట్‌కి తేలికపాటి పాలిష్ చేయించి మళ్లీ కోటింగ్ వేయించాను. పొడిగుడ్డ మానేసి ఏడాది దాటింది. మొన్న అదే పెట్రోల్ బంకులో, అదే లైటు కింద వంగి చూశాను, సన్నవి రెండు మూడు కనిపించాయి, సాలెగూడు మాత్రం లేదు.