పాత ఫ్లై రీల్ గరగరమంటుంటే

ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో ఒక్క పూట వాడి అలాగే సంచిలో పడేస్తే చాలు, చెన్నై ఉప్పుగాలికి మా నాన్నగారి పాత ఫ్లై రీల్ (చేపల గాలం కర్రకి బిగించే, దారం చుట్టుకునే సాధనం) గరగరమంటూ సగం తిరిగి ఆగిపోయేది. మీదీ అంతేనా? రిపేరుకిచ్చే ముందు ఇది చేసి చూడండి.

లైన్, అంటే గాలం దారం, మొత్తం ముందే తీసి పక్కన పెట్టండి, కిరోసిన్ తగిలితే దాని పూత పోతుంది. మధ్యలోని లాచ్ నొక్కి, దారం చుట్టుకునే చక్రాన్ని (స్పూల్) ఊడదీయండి. లోపల స్ప్రింగుకి ఆనుకుని చిన్న పన్నులాంటి ముక్క ఉంటుంది, టిక్ టిక్ దానిదే. విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నేను తీయక తిరగేసి పెట్టాను: చుడితే బిగువు, లాగితే వదులు!

గోరువెచ్చని నీళ్లతో ఉప్పు కడిగి, గట్టిపడ్డ గ్రీజుని రెండు చెంచాల కిరోసిన్, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి రాత్రంతా ఆరనివ్వండి. ఇరుసుకి ఆవగింజంత గ్రీజు, పన్నుకి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. ఎక్కువ పూస్తే ఇసుక అంటుకుంటుంది.

బ్రేకుకి కార్క్ బిళ్ల ఉన్న రీలుకి మాత్రం కిరోసిన్ వద్దు, బిళ్ల పాడవుతుంది. పన్ను అరిగి గుండ్రమైపోయి ఉంటే ఎంత తుడిచినా లాభం లేదు, ముక్క మార్చాల్సిందే.