బండే ఇల్లు – ఐదో పాఠం: ఘాట్ దిగే ముందు

మోటార్‌హోమ్, అంటే ఇల్లులా మార్చుకున్న బండి, నడిపేవాళ్ళకి ఈ పాఠాలు. పోయిన పాఠంలో బ్యాటరీ పని ఇచ్చాను. రాత్రంతా ఫ్యాను, లైట్లు వాడి, పొద్దున అన్నీ ఆపేసి, ఓ గంట ఆగి మీటర్ పెట్టి చూడమన్నాను. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.2 వోల్టులు చూపిస్తే సగం ఖాళీ అయినట్టు లెక్క. రోజూ అంతకంటే కిందికి దించితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. ఆ అంకె రాసుకున్నవాళ్ళు ముందుకు రండి. రాసుకోనివాళ్ళు కూడా రండి, ఎందుకంటే ఈ పాఠం బ్యాటరీ కంటే ముఖ్యం.

తిరుపతి నుంచి కాళహస్తి వైపు వెళితే దారి చదునుగానే ఉంటుంది. పడమరకి తిరిగితే మాత్రం ఘాట్ తప్పదు. పీలేరు, మదనపల్లె వైపు భాకరాపేట ఘాట్. చిత్తూరు మీదుగా బెంగళూరు వెళ్ళేవాళ్ళకి పలమనేరు ముందు మొగిలి ఘాట్. హార్సిలీ హిల్స్ సరే సరి. ఎక్కేటప్పుడు భారమంతా ఇంజిన్ మీద పడుతుంది, మహా అయితే వేడెక్కి ఆగిపోతుంది. దిగేటప్పుడు అలా ఆగేది ఉండదు.

కారు చాలా రోజులు ఒకరిద్దరితో తేలిగ్గా తిరుగుతుంది. లారీ కూడా లోడు దించాక ఖాళీగా వెనక్కి వస్తుంది. మోటార్‌హోమ్‌కి దించడం అనేదే లేదు. మంచం, అల్మరాలు, ఫ్రిజ్, బ్యాటరీలు, నీళ్ళు, సిలిండర్, బట్టలు, ఇవన్నీ మొదటి రోజు ఎక్కి మళ్ళీ దిగవు. ఇది ఎప్పుడూ లోడు బండే. కారు నడిపిన అలవాటుతో దీన్ని ఘాట్ దింపకూడదు. లారీ డ్రైవర్ల అలవాట్లు నేర్చుకోవాలి.

ముందు మీ బండి బరువెంతో తెలియాలి. అందాజా పనికిరాదు, కాటా మీదికి ఎక్కించాల్సిందే. మన వైపు కాటాలకి కొదవ లేదు. మామిడి కాపు వచ్చే రోజుల్లో దామలచెరువు వైపు తోతాపురి కాయల ట్రాక్టర్లు కాటాల దగ్గర వరసగా నిలబడి ఉంటాయి. ఆ రోజులు తప్పించి వెళ్ళండి, తీరిగ్గా తూకం వేస్తారు. నీళ్ళ ట్యాంకు, డీజిల్ ట్యాంకు నింపి, ప్రయాణానికి వెళ్ళే మనుషులందరూ లోపల కూర్చున్నాకే తూకం వేయించండి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే పెట్టి ఇంకోసారి. మూడు చీటీలూ దాచుకోండి. మొత్తం బరువు ఆర్‌సీలో ఉన్న పరిమితి దాటకూడదు. ముందు వెనకల బరువు ఆ ఇరుసులు మోయగలిగినంతలోనే ఉండాలి.

మా బండి పరిమితి 4,000 కిలోలు. మొదటిసారి తూకం వేస్తే 4,160 వచ్చింది. అప్పటిదాకా బండి కొంచెం బద్ధకంగా కదులుతోందని అనుకున్నానే గానీ, బరువు ఎక్కువైందని తోచలేదు. ఇంటికొచ్చి ఒక్కో సామానూ దించాను. నీళ్ళు లీటరుకి ఒక కిలో. 120 లీటర్ల ట్యాంకులో 30 ఉంచితే 90 కిలోలు తగ్గాయి. గృహ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఉక్కు డబ్బా బరువు కూడా దాదాపు అంతే, కాబట్టి స్పేర్ సిలిండర్ తీసేస్తే దగ్గర దగ్గర 30. గ్రైండర్ 20. లిథియం బ్యాటరీ పెట్టించుకున్నాక కూడా మూల పడి ఉన్న పాత ట్యూబులర్ బ్యాటరీ 55. అంతా కలిపి 195 కిలోలు. పరిమితి లోపలికి వచ్చాం, మాకు కావలసిన వస్తువు ఒక్కటి కూడా పోలేదు.

నీళ్ళ సంగతి మాత్రం మరిచిపోకండి. ఘాట్ దాటే దాకా ట్యాంకు పావు వంతు చాలు, మిగతాది బస చేసే ఊళ్ళో నింపుకోవచ్చు. సగం నిండిన ట్యాంకులో అడ్డు పలకలు లేకపోతే మలుపుల్లో నీళ్ళు ఒక పక్కకి ఒరుగుతాయి, బండీ వాటితోపాటు ఊగుతుంది.

టైర్ల గురించి రెండు మాటలు. మోటార్‌హోమ్ టైరు అరిగిపోయే ముందే ముసలిదైపోతుంది, ఎందుకంటే నెలల తరబడి ఒకేచోట ఎండలో నిలబడుతుంది. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఆరేళ్ళు దాటిన టైరుతో నేను ఘాట్ ఎక్కను. గాలి పొద్దున్నే, బండి కదలక ముందు కొట్టించండి. ఎండాకాలం రేణిగుంట రోడ్డు మీద గంట తిరిగాక చూస్తే ప్రెషర్ ఎక్కువే చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే టైరు చల్లారాక తక్కువైపోతుంది. తక్కువ గాలితో బరువు మోసే టైరే ఎక్కువ వేడెక్కి పేలుతుంది. వెనక జంట టైర్లుంటే లోపలి దాన్ని కూడా చూడండి, మధ్యలో రాయి ఇరుక్కుందేమో వంగి చూడండి.

ఇక బ్రేకులు. నాలుగు టన్నుల బండి 300 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు, దాన్ని బ్రేకులతోనే పట్టి ఆపితే, పుట్టే వేడి 40 లీటర్ల చల్లటి నీళ్ళు తెర్లించడానికి సరిపోతుంది. పెళ్ళింట్లో పెద్ద కాగు పొయ్యి మీద పెట్టి ఎంతసేపు మంట వేస్తామో గుర్తు చేసుకోండి. ఆ వేడంతా పావుగంటలో నాలుగు చక్రాల దగ్గర పుట్టాలి, గాలికి పోవాలి. పోయేదానికంటే పుట్టేది ఎక్కువైతే రెండు రకాలుగా దెబ్బ తగులుతుంది. మొదటిది, పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ ఎంత తొక్కినా బండి పట్టదు. చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముని ఒత్తి పట్టే పట్టీలు, అంటే లైనింగులు, మాడి పట్టు వదిలేశాయన్నమాట. రెండోది, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే బ్రేక్ ఫ్లూయిడ్ లోపల మరిగి బుడగలు కట్టింది. ఈ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పీల్చాక ఆ ప్రమాణమే 155కి దిగిపోతుంది. అందుకే బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి ఫ్లూయిడ్ మార్పించాలి.

నాకు ఇది పుస్తకంలో చదివి తెలిసింది కాదు. పీలేరు నుంచి వస్తూ భాకరాపేట ఘాట్‌లో మూడో గేరులో, బ్రేకు మీద కాలు తీయకుండా దిగాను. సగం దారిలో వెనక కూర్చున్న మా అమ్మ "ఏందో మాడు వాసన వస్తా ఉంది నాయనా, పొయ్యి ఆర్పినావా?" అంది. పొయ్యి వెలిగించనే లేదు. తర్వాతి మలుపులో పెడల్ అరచేతి వెడల్పు ఎక్కువ దిగింది. గుండె జారింది. రెండో గేరుకి తగ్గించి, వెడల్పుగా ఉన్నచోట ఎడమ పక్కకి ఆపాను. ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టక ముందే సెగ తగిలింది. వెనక ఆగిన లారీలోంచి ఒక పెద్దాయన దిగి వచ్చి, నేను నీళ్ళ క్యాను తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "నీళ్ళు పొయ్యొద్దు, డ్రమ్ము పగులుతాది. హ్యాండ్ బ్రేకు కూడా లాగొద్దు, రాయి పెట్టు. ఎక్కేదానికి ఏ గేరో, దిగేదానికీ అదే గేరు" అన్నాడు. అరగంట కూర్చున్నాం. పెడల్ మళ్ళీ పైకి వచ్చింది. మర్నాడే ఫ్లూయిడ్ మార్పించాను.

ఆయన చెప్పినదాన్నే పద్ధతిగా నేర్చుకుందాం. దిగుడు మొదలయ్యే ముందే, వేగం తక్కువ ఉండగానే గేరు తగ్గించండి. దిగుతూ తగ్గించబోతే ఒక్కోసారి గేరు పడదు, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. రెండో గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, ఇంజిన్ మోత పెరుగుతుంది, దానికి భయపడకండి. ఇంజిన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపే టాకోమీటర్ ముల్లు ఎర్ర గీత దాకా పోనివ్వకుండా చూసుకుంటే చాలు. వేగం 40కి వస్తే బ్రేకు గట్టిగా ఒకసారి తొక్కి 30కి తెచ్చి, కాలు పూర్తిగా తీసేయండి. మళ్ళీ 40కి వచ్చేదాకా తొక్కొద్దు. కొద్దికొద్దిగా తొక్కి పట్టుకునే ఉండటం వల్లే డ్రమ్ములు మాడతాయి. మధ్యలో కాలు తీసిన ఆ కాసేపే వాటికి గాలి తగిలేది. డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దించేవాళ్ళని చూశాను. ఇంజిన్ ఆగితే, మన తొక్కుడుకి బలం చేర్చే వాక్యూమ్ సాయం రెండు మూడు తొక్కుల్లో అయిపోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి.

చక్రానికి పెట్టిన రాయి బయల్దేరేటప్పుడు తీసి పక్కకి వేయండి. రోడ్డు మధ్యలో వదిలేసిన రాళ్ళు రాత్రిపూట బైకు మీద వచ్చేవాళ్ళ ప్రాణం తీస్తాయి. రెండు చెక్క దిమ్మెలు కోయించి బండిలోనే పెట్టుకుంటే ఇంకా మంచిది.

తిరుమల సంగతి చాలామంది అడుగుతున్నారు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి, 1974లో వచ్చింది ఎక్కే దారి. పాత దారిలో మలుపులు బిగుతుగా ఉంటాయి, వెనక చక్రాల అవతల పొడుగు తోక ఉన్న మోటార్‌హోమ్‌కి వెనక మూల గోడకి రాసుకునే ప్రమాదం ఉంది. నా సలహా ఒక్కటే: బండిని కింద తిరుపతిలో నిలిపి, ఆర్టీసీ బస్సులో కొండకి వెళ్ళి రండి. ఆ డ్రైవర్లు ఆ దారిలో రోజూ తిరిగేవాళ్ళు. రెండో సీటులో కూర్చుని, దిగేటప్పుడు వాళ్ళ కాలు బ్రేకు మీద ఎంతసేపు ఉంటోందో గమనించండి.

ఈ వారం పని: కాటా చీటీలు మూడు, టైర్ల మీది నాలుగంకెలు స్టెప్నీతో కలిపి, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చిన తేదీ. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డు లోపల పెట్టండి. వచ్చే పాఠం గ్యాస్ గురించి. సిలిండర్ బండిలో ఎక్కడ ఉండాలో నిర్ణయించేటప్పుడు ఆ ఇరుసుల బరువులు మళ్ళీ కావాల్సి వస్తాయి.