సినిమా కాన్సెర్టోలు: ఆర్కెస్ట్రా ట్రాక్‌తో పియానో కలవకపోతే

ఆర్కెస్ట్రా ట్రాక్ (పియానో లేకుండా ఆర్కెస్ట్రా భాగం మాత్రమే ఉన్న రికార్డింగ్) పెట్టుకుని సినిమా కాన్సెర్టోలు, అంటే సినిమాల్లో వినిపించిన పియానో-ఆర్కెస్ట్రా రచనలు, సాధన చేసేవాళ్లు మళ్లీ మళ్లీ చెప్పే మాట ఒకటుంది: "స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి, అయినా కలవట్లేదు." ఇంకేం మార్చకముందు ఒక పని చేయండి. ట్రాక్ మొదట్లో శ్రుతి కోసం ఇచ్చిన స్వరం వినిపిస్తూ, పియానో మీద అదే స్వరం నొక్కిపట్టి వినండి. అర నిమిషం పట్టదు. ఇది వదిలేసి పెడల్‌నీ వేళ్లనీ అనుమానిస్తూ వారాలు పోగొట్టుకుంటారు. చూస్తే బాధేస్తుంది.

జోరు భాగాలు బాగుంటాయి, నెమ్మది రాగం రాగానే శ్రుతి చెడుతుంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మీ పియానోలో శ్రుతికి ఆధారమైన 'ఏ' (A) స్వరం 440 హెర్ట్జ్‌లో (సెకనుకు 440 కంపనాలు) ఉంది, ట్రాక్ అందులో లేదు. యూరప్‌లో చాలా ఆర్కెస్ట్రాలు 442, 443కి శ్రుతి చేసుకుంటాయి. పాత టేపుల నుంచి ఎక్కించిన ట్రాక్ అయితే వేగంలో చిన్న తేడా వల్ల ఏ అంకెకీ సరిపోకుండా మధ్యలో ఉండొచ్చు.

440కీ 442కీ తేడా సుమారు 8 సెంట్లు, అంటే సెమిటోన్‌లో (పక్కపక్క మెట్ల మధ్య దూరం, 100 సెంట్లు) పన్నెండో వంతు. వేగంగా సాగే చోట చెవికి అందదు. ఒక స్వరాన్ని పట్టి ఉంచితేనే బయటపడుతుంది: నడిమి 'సి' (C) పైన ఉన్న 'ఏ' దగ్గర సెకనుకు రెండుసార్లు ధ్వని ఊగుతుంది, ఆ పై స్థాయి 'ఏ' దగ్గర నాలుగుసార్లు. సినిమా కాన్సెర్టోల ప్రాణమంతా అలా పట్టి ఉంచే చోటే ఉంది. 1941లో వచ్చిన డేంజరస్ మూన్‌లైట్ కోసం రిచర్డ్ అడిన్సెల్ రాసిన వార్సా కాన్సెర్టోలో మొదటి బరువైన కార్డ్‌ల (ఒకేసారి కలిపి నొక్కే స్వరాల) దెబ్బలకు ఏమీ తెలియదు. అసలు రాగం అందుకున్నాకే ఇబ్బంది మొదలవుతుంది. 1945 నాటి బ్రీఫ్ ఎన్‌కౌంటర్‌లో వినిపించే రఖ్మానినోవ్ రెండో కాన్సెర్టో కూడా అంతే. వయొలిన్లు రాగాన్ని నిలబెట్టి సాగదీస్తుంటే, కింద మీ ఆర్పెజియోలు (ఒకదాని వెంట ఒకటిగా విడదీసి వాయించే కార్డ్ స్వరాలు) వాటిని ఒరుసుకుంటూ పోతాయి.

దీన్ని ఎవరూ అనుమానించకపోవడానికి కారణముంది. ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే పియానో సరిగ్గానే చూపిస్తుంది. ట్రాక్ ఒంటరిగా వింటే అదీ బాగుంటుంది. దేనికది సరిగ్గానే ఉంది, కలిపినప్పుడే తేడా.

డిజిటల్ పియానో అయితే సెట్టింగుల్లో మాస్టర్ ట్యూనింగ్ (మొత్తం పియానో శ్రుతిని మార్చేది) తెరిచి, ఊగు ఆగేదాకా అంకెను కొద్దికొద్దిగా జరపండి. కొన్ని మోడళ్లు ఆపి వేస్తే మళ్లీ 440కి వెళ్లిపోతాయి. కాబట్టి ప్రతిసారీ చూసుకోండి. మామూలు పియానో అయితే దాన్ని ముట్టుకోవద్దు, ట్రాక్‌నే యాప్‌లో సెంట్ల లెక్కన దించండి. 442 ట్రాక్‌కి మైనస్ 8 చాలు. శ్రుతి స్వరం ఇవ్వని ట్రాక్‌లో ఓబో గానీ క్లారినెట్ గానీ పట్టి ఉంచిన స్వరం వెతకండి. వయొలిన్ కంపనంతో ఊగుతుంది కనుక దాన్ని నమ్మొద్దు. పోలిక నడిమి స్థాయిలోనే చేయండి, ఎందుకంటే మామూలు పియానో పై స్వరాల్ని కావాలనే కాస్త ఎక్కించి ట్యూన్ చేస్తారు.

ఇంకో ఉచ్చు ఉంది. సాధన కోసం ట్రాక్ వేగం తగ్గిస్తారు కదా, ఆ యాప్‌లో శ్రుతిని అలాగే ఉంచే సెట్టింగ్ లేకపోతే ఒక్క శాతం వేగానికి 17 సెంట్లు జారుతుంది. 98 శాతానికి తగ్గించారంటే 35 సెంట్లు. నెమ్మదిగా వాయించినప్పుడే శ్రుతి చెడుతోందంటే ముందు అదే చూడండి.

ఎంత ప్రయత్నించినా వెనకబడిపోతున్నాను

డిజిటల్ పియానో ధ్వని బ్లూటూత్ హెడ్‌ఫోన్ ద్వారా వింటున్నారా? మెట్టు నొక్కాక ధ్వని వచ్చేసరికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి ఐదో వంతు గడిచిపోతుంది. వైరున్న హెడ్‌ఫోన్ పెట్టండి. పియానో ధ్వని నేరుగా చెవికి వస్తూ ట్రాక్ మాత్రమే బ్లూటూత్‌లో ఉంటే వాయించడానికి అడ్డు రాదు, మీరు వినేదానికే వాయిస్తారు. రికార్డ్ చేసుకున్నప్పుడూ, తెరమీద కదిలే నోట్స్ చూసి వాయించినప్పుడూ మాత్రమే తేడా కనిపిస్తుంది.

ఆర్కెస్ట్రా అనుకున్న చోట రావట్లేదు

ముందు మీ స్వరప్రతి (నోట్స్) ఏ రూపమో చూడండి. వార్సా కాన్సెర్టో ఒంటరి పియానోకూ రెండు పియానోలకూ విడివిడిగా దొరుకుతుంది. ఒంటరి పియానో రూపంలో ఆర్కెస్ట్రా వాయించాల్సిన భాగాలు కూడా మీ చేతుల్లోనే రాసి ఉంటాయి. ట్రాక్‌తో వాయించడానికి రెండు పియానోల ప్రతిలో మొదటి పియానో భాగం కావాలి. అది సరిగ్గానే ఉంటే, మిగిలేది ట్రాక్‌లోని నిశ్శబ్దం. ఒంటరిగా వాయించే చోట ట్రాక్ మీకోసం ఆగదు. ఆ ఖాళీ ఎన్ని సెకన్లో కొలిచి, మీరు ఒంటరిగా వాయించే నిడివిని దానికి తెచ్చుకోండి.

ట్రాక్ మొత్తం సెమిటోన్ కంటే ఎక్కువ పైకో కిందికో వెళ్లిపోయిందా? అరుదు. ఆడియో ఫైలు శాంపిల్ రేటుకు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు నమోదు చేస్తారో చెప్పే అంకె) సంబంధించిన 44.1, 48 కిలోహెర్ట్జ్ సెట్టింగులు తారుమారై ఉంటాయి, సరిచేస్తే సరిపోతుంది.